ఈసీజీ బిళ్ళలు మనమే చేసుకుందాం

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడొకరు ఈమధ్య ఫోన్ చేశారు. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఈసారి కూడా కొన్ని టీములు గుండె గ్రాఫ్ తీసుకున్నాయట. గుండె సిగ్నల్‌ని పెంచే ఏడీ 8232 చిప్పున్న బోర్డు, దాన్ని చదివే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒంటికి అంటించే మూడు స్టిక్కర్లు. మొదట్లో గీత చక్కగా వచ్చింది. తీరా రివ్యూ రోజుకి అంతా గజిబిజి. "ఇంతకంటే మంచి బోర్డు ఏదైనా ఉంటే చెప్పండి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికేది అయితే పిల్లల్ని పంపిస్తాను" అన్నారు. స్టిక్కర్ల ప్యాకెట్ ఎప్పుడు చించారని అడిగాను. చాలా రోజులైందట. ఎండాకాలం, పైగా మూతి కట్టని కవరు. లోపలి జెల్లు ఎండిపోయి ఉంటుంది. బోర్డుకి ఏమీ కాలేదు.

ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. ఈసీజీ మెషిన్లు సర్వీసు చేయడం నా ఉద్యోగం. ఇంట్లో సరదాగా చిన్న బోర్డులతో గుండె చప్పుడు చూసుకోవడం అలవాటు. ఈ రెండూ కలిసి నాలో ఒక అభిప్రాయాన్ని గట్టిపరిచాయి. గుండె సిగ్నల్‌ని హాబీగా చూడాలనుకునేవాళ్ళు బోర్డుల వేట మానేసి, ఒంటికి తగిలే భాగాన్ని సొంత చేతులతో చేసుకోవాలి. ఒంటికి ఆనే లోహపు బిళ్ళ, దాన్ని పట్టి ఉంచే పట్టీ, వైరు, ఈ మూడూ. అవి కడిగి మళ్ళీ మళ్ళీ వాడుకునేవి కావాలి. ఈ విద్యలో నేర్చుకోవాల్సిన దానిలో ముప్పాతిక భాగం అక్కడే ఉంది. స్టిక్కరు దాన్ని మన కంటపడకుండా చేస్తుంది.

బల్బుల కింద తెల్లటి పొర

మన ఊళ్ళలో ఏ చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళినా ఈసీజీకి స్టిక్కర్లు వాడటం తక్కువే. చేతులకీ కాళ్ళకీ రంగురంగుల క్లాంపులు, ఛాతీ మీద ఆరు రబ్బరు బల్బులు. కాస్త జెల్లీ రాసి, బల్బు నొక్కి వదిలితే పట్టుకుంటుంది. ఒక్కో సెట్టు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కాబట్టి మళ్ళీ మళ్ళీ వాడే ఎలక్ట్రోడు (ఒంటి నుంచి సిగ్నల్ అందుకునే భాగం) అంటే ఏదో వింత ప్రయోగం అనుకోనక్కర్లేదు. మన అమ్మానాన్నల ఈసీజీలు చాలావరకు వాటితో తీసినవే.

"మెషిన్ పాడైంది, గీత ఊగుతోంది" అని కబురొస్తే వెళతాను. చాలాసార్లు మెషిన్ బాగానే ఉంటుంది. బల్బు విప్పి చూస్తే పాత జెల్లీ తెల్లగా పొరకట్టి, దాని కింద లోహం పచ్చబడి కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెడితే చాలు, గీత నిలబడుతుంది. లక్షల సర్క్యూటు కంటే ఆ లోహపు గిన్నె శుభ్రతే ఎక్కువ ముఖ్యమని చెబితే కొత్త టెక్నీషియన్లు మొదట నమ్మరు.

కారణం లెక్కల్లోనే ఉంది. ఒంటి మీద మనకి దొరికే గుండె సిగ్నల్ ఇంచుమించు ఒక మిల్లీవోల్టు. లోహమూ చెమటా కలిసేచోట దానంతటదే పుట్టే వోల్టేజీ వందల మిల్లీవోల్టులు. రెండు బిళ్ళల దగ్గరా అది సమానంగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సమానంగా లేకపోతే ఆ తేడా మన సిగ్నల్‌ని ముంచేస్తుంది. ఏడీ 8232 చిప్పు 300 మిల్లీవోల్టుల తేడా దాకా ఓర్చుకుంటుంది. అది దాటితే గీత పైకో కిందికో పోయి అక్కడే అతుక్కుపోతుంది. కుర్రాళ్ళు అప్పుడు కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చుంటారు.

అసలు ఈ విద్య మొదలైందే సొంతంగా చేసుకున్న ఎలక్ట్రోడ్లతో. హాలండ్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ 1900ల తొలి ఏళ్ళలో గుండె గ్రాఫు తీసినప్పుడు, మనిషి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ళ కుండల్లో పెట్టి కూర్చునేవాడు. మెషిన్ బరువు దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. గీతలోని ఒక్కో మెలికకి ఇవాళ్టికీ మనం వాడుతున్న పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ వచ్చింది. అంత సున్నితమైన గీతని ఆయనకి పట్టిచ్చింది చర్మానికి విస్తారంగా తగిలిన ఉప్పునీరు. ఆ మాట గుర్తుపెట్టుకుంటే ఇంట్లో చేసుకునే బిళ్ళల సంగతి సగం అర్థమైనట్టే.

స్టిక్కరు చవకే కదా?

ఈ మాట అనేవాళ్ళతో నేను పోట్లాడను. యాభై ఉన్న ప్యాకెట్ కొంటే ఒక్కో స్టిక్కరు పది రూపాయల లోపే పడుతుంది. తాజాగా ఉన్న స్టిక్కరుకి దీటైన బిళ్ళని ఇంట్లో తయారుచేయడం కష్టం కూడా. దాని అడుగున పల్చటి వెండి క్లోరైడు పూత, ఉప్పు కలిసిన జెల్లు, చుట్టూ జిగురు, అన్నీ కొలిచి చేసినవి. ఒక్కసారి గ్రాఫు చూసి ఆనందపడి వదిలేసేవాళ్ళకి స్టిక్కరే మేలు.

కానీ హాబీ అంటే ఒక్కసారితో ఆగేది కాదు. పడుకున్నప్పుడు ఎలా ఉంది, మెట్లెక్కాక ఎలా ఉంది, ఊపిరి బిగబడితే బీట్ల మధ్య దూరం ఎలా మారుతుంది, ఇవన్నీ చూడాలనిపిస్తుంది. అలా చూసేవాళ్ళు రోజూ మూడు స్టిక్కర్లు పారేయలేక, వాడినవే మళ్ళీ అంటిస్తారు. జిగురు పోయి, జెల్లు ఎండి, దుమ్ము పట్టిన స్టిక్కరు కంటే కడిగిన స్టీలు బిళ్ళ ఎన్నో రెట్లు నయం. పైగా ఆ జిగురుకి కొందరికి చర్మం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి.

నాకు డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి. స్టిక్కరు వాడినవాడికి గీత బాగా వస్తే ఎందుకు వచ్చిందో తెలియదు, చెడితే ఎందుకు చెడిందో తెలియదు. బిళ్ళ చేసుకున్నవాడికి రెండూ తెలుస్తాయి.

స్టీలు, వెండి, ఉప్పునీళ్ళు

మొదటి బిళ్ళ స్టీలుతో చేసుకోండి. పాత స్టీలు డబ్బా మూత చాలు. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీయాలి. మామూలు సోల్డరు స్టీలుకి అంటుకోదు, ఆ ప్రయత్నంలో చేతులు కాల్చుకోవద్దు. మధ్యలో రంధ్రం చేసి చిన్న బోల్టు, వాషరుతో వైరు బిగిస్తే సరి. మూడు బిళ్ళలూ ఒకే మూత నుంచి రావడం మంచిది. ఒకటి స్టీలు, ఇంకోటి రాగి పెడితే మధ్యలో చెమటతో చిన్న బ్యాటరీ తయారవుతుంది, గీత ఎక్కడికో ఎగిరిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ జోలికి పోవద్దు. దాని మీద ఎప్పుడూ ఒక ఆక్సైడు పొర ఉంటుంది, క్లిప్పు సరిగా పట్టదు, నాయిస్ తగ్గదు.

మార్కెట్లో దొరికే ఈసీజీ వైర్ల చివర స్నాప్ ఉంటుంది. దానిలో 4 మిల్లీమీటర్ల గుండీ కూర్చోవాలి. దర్జీ దగ్గర దొరికే టిచ్ బటన్లు కొన్ని సరిగ్గా సరిపోతాయి, కొన్ని వదులుగా ఆడతాయి. వదులైన గుండీ కంటే నేరుగా వైరు బిగించడం మేలు. మీ ఒంటి మీద వాడేసిన స్టిక్కర్ల నుంచి గుండీలు ఊడదీసి కూడా వాడుకోవచ్చు. మీవే సుమా, ఆసుపత్రి చెత్తలోవి ముట్టుకోవద్దు.

స్టీలు బిళ్ళతో బీట్లు చక్కగా లెక్కపెట్టుకోవచ్చు. కానీ కదిలితే గీత ఊగుతుంది. లోహం అంచున ఛార్జి పోగుపడి, బిళ్ళ కాస్త జరగ్గానే చెదిరిపోవడమే దానికి కారణం. ఇక్కడే వెండి అక్కరకొస్తుంది. వెండి మీద క్లోరైడు పొర ఉంటే, మన చెమటలోని ఉప్పులో ఉన్న క్లోరైడుతో అది అటూ ఇటూ సులువుగా ఇచ్చిపుచ్చుకుంటుంది. ఛార్జి పోగుపడదు. గీత కుదురుగా ఉంటుంది.

వెండి బిళ్ళలు నేను మా కంసాలి గారి దగ్గర చేయించాను. కాళ్ళకి పెట్టుకునే పట్టీల వెండిలో రాగి కలుస్తుంది కాబట్టి అచ్చ వెండి రేకు అడగాలి. రూపాయి బిళ్ళంత గుండ్రం, ఒక పక్క సన్నటి తోక. "ఎవరికండీ, పసిపిల్లలకా?" అని అడిగారు. సంగతి చెబితే ఆసక్తిగా విని, తోక విరగకుండా మెడ దగ్గర కాస్త మందం ఉంచి ఇచ్చారు. నేను చెప్పని ఆ మందమే ఇన్నాళ్ళూ వాటిని కాపాడుతోంది. తోకకి వైరు సోల్డరు చేసి, సోల్డరు చెమటకి తగలకుండా పైన నెయిల్ పాలిష్ దట్టంగా పూయాలి. తర్వాత బిళ్ళని బట్టలకి వాడే బ్లీచ్ ద్రవంలో కాసేపు ఉంచితే ముదురు బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ రంగే క్లోరైడు పొర. కిటికీలు తీసి చేయండి, చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆఖర్న నీళ్ళతో బాగా కడగండి. బ్లీచ్‌లో వెనిగరు, యాసిడ్, చింతపండు లాంటి పుల్లటివి ఏవీ కలవకూడదు, విషవాయువు పుడుతుంది.

చింతపండు మాట ఊరికే రాలేదు. ఒక పండగ ముందు మా అమ్మ వెండి సామానంతా తోముతూ నా బిళ్ళల్ని కూడా కలిపి తళతళలాడించింది. "అంత నల్లగా ఉంటే ఒంటికి ఎలా పెట్టుకుంటార్రా?" అంది. ఆ సాయంత్రం గీత చూస్తే, ఊపిరి తీసినప్పుడల్లా మెల్లగా పైకీ కిందికీ తేలుతోంది. బోర్డు అదే, వైరు అదే, మనిషి అదే. పొర ఒక్కటే పోయింది. క్లోరైడు పొర ఏం చేస్తుందో నేను అంతకుముందు చాలామందికి చెప్పాను. దాన్ని పక్కపక్కన పెట్టి చూపించే గ్రాఫులు మాత్రం అమ్మ వల్లే దొరికాయి. ఇప్పుడు క్లాసులో ఎవరికైనా చెప్పాల్సొస్తే ఆ రెండు గ్రాఫులే చూపిస్తాను. మళ్ళీ పొర వేసే ముందు పులుపు వాసన పూర్తిగా పోయేదాకా కడిగానని వేరే చెప్పక్కర్లేదు.

తడి విషయం. స్కానింగుకి వాడే జెల్లీలో ఉప్పు తక్కువ, ఇక్కడ అంతగా పనికిరాదు. ఈసీజీ జెల్లీ అని అడిగి కొనండి. లేదంటే పల్చటి నూలు గుడ్డని ఉప్పునీళ్ళలో ముంచి బిళ్ళ కింద పెట్టుకోవచ్చు. ఫ్యాను కింద అది త్వరగా ఆరిపోతుంది. సగ్గుబియ్యం జావలో ఉప్పు వేసి చూశాను, జిగటగా బాగానే పట్టుకుంటుంది, కానీ మర్నాటికి పులిసిపోతుంది. ఉప్పు మరీ ఎక్కువైతే చర్మం మండుతుంది. ఒంటికి కొబ్బరి నూనె రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళు ముందు సబ్బుతో ఆ చోటు కడుక్కోవాలి. నూనె మీద ఏ బిళ్ళా పనిచేయదు. మన ఎండలు ఒక్క ఈ పనికి మాత్రం అనుకూలం. పొడి బిళ్ళ అయినా చెమట పట్టిన కొద్ది నిమిషాలకి తనంతట తానే దారికొస్తుంది. పరుగుకి వెళ్ళేవాళ్ళు కట్టుకునే ఛాతీ బెల్టులు పనిచేసేది ఈ చెమట మీదే.

కరెంటు సంగతి

ఇందులో మొహమాటం లేదు. బోర్డు బ్యాటరీ మీదే నడవాలి. ల్యాప్‌టాప్‌కి కలిపితే దాని ఛార్జరు పీకేయాలి. అంతకంటే మేలు, డేటాని బ్లూటూత్ మీద పంపడం. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఒంటిని తాకితే జివ్వుమనడం మనలో చాలామందికి అనుభవమే. మామూలుగా పొడి చర్మం ఆ కరెంటుని అడ్డుకుంటుంది. మనం చేస్తున్న పనేమో ఆ అడ్డుని ఉప్పునీళ్ళతో తొలగించడం. పైగా కుడి మణికట్టు నుంచి ఎడమ మణికట్టుకి దారి అంటే అది ఛాతీ మీదుగానే పోతుంది. ఆసుపత్రి పరికరాల్లో గుండెకి నేరుగా తగిలే వాటికి మామూలు స్థితిలో అనుమతించే లీకేజీ, అంటే ఒంట్లోకి కారే కరెంటు, 10 మైక్రో ఆంపియర్లు, ఆంపియరులో లక్షో వంతు. బోర్డు మీద ఎలక్ట్రోడ్ల దారిలో ఉండే కరెంటుని అడ్డుకునే లక్షల ఓమ్‌ల రెసిస్టర్లు అందుకే ఉన్నాయి. సిగ్నల్ పెరుగుతుందని ఎవరో చెప్పారని వాటిని తీసేసిన బోర్డు ఒకటి నా దగ్గరికి వచ్చింది. అది ఇచ్చిన కుర్రాడికి వేరే బోర్డు ఇచ్చి పంపాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని ఈ ప్రయోగాలకి కూర్చోబెట్టవద్దు.

మాస్టారి బెల్టు

నా వాదనకి అసలు ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. సొంతంగా చేసుకున్న వస్తువు మీద ప్రేమ పుడుతుంది. ప్రేమతో పాటు నమ్మకం కూడా.

మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఉన్నారు. నాతో కలిసి కూర్చుని వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, వెల్క్రో, స్టీలు బిళ్ళలతో ఛాతీ బెల్టు చేసుకున్నారు. రోజూ పొద్దున్నే కట్టుకుని గ్రాఫు చూసుకునేవారు, నోటుబుక్కులో రాసుకునేవారు. ఒక రాత్రి వాళ్ళావిడ తలుపు తట్టారు. "బాబూ, మీరైనా చెప్పండి. ఛాతీ బరువుగా ఉందంటున్నారు, దవడ లాగుతోందంటున్నారు. హాస్పిటల్‌కి పదండంటే బెల్టు కట్టుకుని కూర్చున్నారు" అన్నారు. వెళ్ళేసరికి ఆయన తెరవైపు చూపించి, "చూడండి, బీటు సమంగానే ఉంది" అన్నారు. బెల్టు విప్పించి బయల్దేరదీశాం. ఆ రాత్రంతా అక్కడ ఉంచి, ఈసీజీలూ రక్తపరీక్షలూ చేసి, గుండెపోటు కాదని తేల్చారు. కానీ ఫలితం బాగుంది కదా అని నేను సర్దిచెప్పుకోలేకపోయాను. అదే నిజమైన గుండెపోటు అయితే ఆ అరగంట ఖరీదు ఎంత?

గుండెపోటా కాదా అన్న ప్రశ్నకి జవాబు చెప్పే శక్తే ఆయన చూస్తున్న గీతకి లేదు. మన బోర్డులు చాలావరకు 0.5 హెర్ట్జ్ కింద ఉన్నదంతా, అంటే రెండు సెకన్లకి ఒకసారి కంటే మెల్లగా ఊగేదంతా, కోసేస్తాయి. గీత తేలకుండా నిలబడాలంటే అలా కోయాల్సిందే. రోగం తేల్చడానికి తీసే ఈసీజీలో ఆ హద్దు 0.05 హెర్ట్జ్. గుండెపోటు ఆనవాళ్ళు కనిపించే, ఎస్‌కీ టీకీ మధ్య ఉండే ఎస్‌టీ భాగం సరిగ్గా ఈ రెండింటి మధ్య తేడాలోనే వంకర తిరుగుతుంది. అంటే మనం గీతని అందంగా చేసుకునే క్రమంలోనే దానిలోని ముఖ్యమైన కబురుని చెరిపేస్తున్నాం. పైగా ఆసుపత్రిలో గుండెని పన్నెండు వైపుల నుంచి చూస్తారు, మనది ఒకే వైపు. పన్నెండు వైపుల నుంచి తీసిన మొదటి ఈసీజీ కూడా ఒక్కోసారి మామూలుగానే ఉండొచ్చు. అందుకే మళ్ళీ తీస్తారు, రక్తం పరీక్షిస్తారు.

దీనికి తిరగేసిన ఇబ్బంది కూడా ఉంది. బిళ్ళ కదిలితే వచ్చే గీతలు కొన్ని అచ్చం ప్రమాదకరమైన లయలా ఉంటాయి. ఆసుపత్రి మానిటర్ మీదే రోగి పళ్ళు తోముకుంటుంటే అలాంటి గీత వచ్చి నర్సులు పరుగెత్తిన సందర్భాలు వైద్యులకి బాగా తెలుసు. ఇక ఇంట్లో ఒంటరిగా అర్ధరాత్రి అలాంటి గీత చూసినవాడి టెన్షన్ ఊహించండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా అప్పుడప్పుడు ఒక బీటు ముందుగా పడుతుంటుంది. అది చూసి నిద్రపోని వాళ్ళు నాకు మెసేజీలు పెడతారు. బయట చిన్న వయసులో గుండెపోట్ల వార్తలు వింటున్న రోజులు కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేను.

సొంతంగా చేసుకున్నవాడికి గీత ఎలా అబద్ధం చెబుతుందో తెలుస్తుంది కాబట్టి అంత తేలిగ్గా మోసపోడని నేను చాలాకాలం వాదించాను. గుండీ వదులు చేసి దొంగ లయ పుట్టించడం నేర్చుకున్నవాడు తెర మీది ప్రతి వంకరనీ చూసి భయపడడు. భయం విషయంలో ఇది నిజమే. ధీమా విషయంలో నిజం కాదు. మాస్టారికి అన్నీ తెలుసు, బెల్టు ఆయన చేతి పనే, అయినా ఆ రాత్రి దానివైపే చూశారు. కాబట్టి తెలివి మీద ఆధారపడకుండా ఒక నియమం పెట్టుకోవాలి. ఒంట్లో బాగున్నప్పుడే బెల్టు కట్టాలి. బాగోలేనప్పుడు దాన్ని ముట్టుకోకూడదు, 108కి ఫోన్ చేయాలి. మాస్టారి బెల్టు మీద ఈ మాట వాళ్ళావిడ ఎర్రదారంతో కుట్టారు. ఆయన ఇంకా రోజూ పొద్దున్న వాడుతున్నారు.

ఎవరి గ్రాఫు?

కాలేజీ ప్రాజెక్టుల్లో నేను చూసినంతవరకు అమ్మాయిల టీము అయినా గ్రాఫు మాత్రం ఎవరో అబ్బాయిదే ఉంటుంది. స్టిక్కర్ల వెంట వచ్చే కాగితం మీద బొమ్మలో ఛాతీ మీద అంటించమని ఉంటుంది. ల్యాబులో అందరి ముందు ఏ అమ్మాయి ఆ పని చేస్తుంది? చున్నీ కింద వైర్లు లాక్కుని కూర్చోమనడం ఇబ్బందే. దాంతో సర్క్యూటు కట్టింది వాళ్ళు, కోడు రాసింది వాళ్ళు, గుండె మాత్రం పక్క బెంచీ వాడిది. ఇది నాకు చాలా బాధనిపించే విషయం.

మణికట్టుకీ చీలమండకీ కట్టుకునే గుడ్డ పట్టీలు ఈ ఇబ్బందిని తీసేస్తాయి. ఐంథోవెన్ కుండలు పెట్టింది కూడా చేతులకీ కాలికే. రెండు మణికట్లు, కుడి చీలమండ, మూడు పట్టీలు. ఛాతీ మీద వచ్చినంత ఎత్తుగా స్పైకులు రావు, చేయి కదిపితే కండరాల నాయిస్ కలుస్తుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని స్థిమితంగా కూర్చుంటే చాలు, పీ తరంగం కూడా కనబడుతుంది. పైగా ఒకరి తర్వాత ఒకరు కట్టుకోవచ్చు. మధ్యలో బిళ్ళని సబ్బునీళ్ళతో కడిగి తుడవాలి. గుడ్డ ఎవరిది వాళ్ళకి ఉండాలి.

ఒక పాలిటెక్నిక్‌లో అమ్మాయిలకి ఈ పట్టీలు చూపించాను. నేను తీసుకెళ్ళినవి వాళ్ళ చేతులకి మరీ వదులు. ఒకమ్మాయి ఇంటి దగ్గర మిషను కుడుతుందట, మళ్ళీ వచ్చేసరికి కొత్త సెట్టు కుట్టి తెచ్చింది. బిళ్ళ వెనక పల్చటి స్పాంజి ముక్క పెట్టింది, వెల్క్రో చర్మానికి గీసుకోకుండా అంచు మడిచి కుట్టింది. మొదట కట్టుకున్నప్పుడు గీత మధ్యమధ్యలో ఎగిరింది. వాళ్ళే కూర్చుని వెతికారు. కాలికి నగగా పెట్టుకున్న పట్టీ వెండిది, బిళ్ళ స్టీలుది, రెండూ తగిలినప్పుడల్లా గీత ఎగురుతోంది. చేతికి ఉన్న లోహపు గాజులతోనూ అదే కథ. ఎలక్ట్రోడు పట్టీని చీలమండకి రెండంగుళాలు పైకి, మణికట్టు దగ్గర గాజులకి పైన కట్టేలా కొలత మార్చారు. నేను ఇప్పుడు కుట్టించే పట్టీలన్నీ ఆ కొలతవే.